పట్టుదారం చుట్టిన గుండు

మా పెదనాన్న ఢిల్లీశ్వరరావుకి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది, ఆ తర్వాత ఎదుటివాళ్ళ పని అయిపోతుంది. ఆ రోజు బరంపురం పెద్దబజారు సందులో ఉన్న నా నగలపని కొట్టు మెట్లు ఎక్కేసరికే ఆయన మాట తడబడే దశ కూడా దాటేసి ఉన్నాడు.

“లక్కంట! మా యమ్మ బతికున్నన్నాళ్ళూ మెళ్ళో ఏసుకు తిరిగింది లక్కంట! ఏసీ ఎట్టుక్కూకుంటే ఏటి పడితే అది వాగీడమేనేటి?” అంటూ చంకలో ఉన్న గుడ్డసంచీని నా బల్ల మీద పడేశాడు.

సంచీలో ఏముందో విప్పకుండానే తెలిసిపోయింది. మొగలిరేకుల వాసన వచ్చింది. మామ్మ నగలపెట్టెలో ఎప్పుడూ మొగలిరేకులు వేసి ఉంచేది. ఆ వాసన ముక్కుకి తగిలితే, పోయిన మనిషి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

మామ్మ అంటే పెదనాన్న తల్లి బుల్లమ్మ. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. సంచీలో ఉన్నది ఆవిడ గుండ్లపేరు. పెద్ద రేగుపళ్ళంత బంగారు గుండ్లని పట్టుతాడుకి గుచ్చిన పాతకాలపు నగ. పెదనాన్న దాన్ని ఎవరికీ చెప్పకుండా ఒక పెద్ద నగల షాపుకి తీసుకెళ్ళి, ఇదిచ్చి కొత్త మోడల్ గొలుసులు తీసుకుందామనుకున్నాడు. వాళ్ళు గుండ్లని చేతిలో ఆడించి చూసి, లోపల లక్క ఉంది, అది తీసేసి బంగారానికే విలువ కడతాం అన్నారట. తల్లిని తిట్టినట్టే అనిపించింది ఈయనకి. అక్కడినుంచి తిన్నగా నా మీదికి వచ్చాడు.

“ఆ షాపోలు దొంగలు కాదు పెదనాన్నా. లోపల లక్క ఉంటాది,” అన్నాను.

“నువ్వూ ఆలి పక్కేనేటే తొర్రీ?”

తొర్రి అంటే నేనే. పేరు సౌందర్య, పిలుపు తొర్రి. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా అతికాయో తర్వాత చెబుతాను.

పాత గుండ్లన్నీ అలాంటివే. పల్చటి బంగారు రేకుని రెండు దొప్పలుగా కొట్టి, కలిపి అతికించి, లోపల కరిగిన లక్క పోస్తారు. లక్క లేకపోతే అవి వేలితో నొక్కినా అణిగిపోతాయి. పురుషోత్తంపూర్‌లో నాకు పని నేర్పిన కంసాలి అప్పలస్వామి తాత మొదటి రోజే చెప్పిన సంగతి ఇది. కుంపటి మీద లక్క కాగుతుంటే నాకు ఆకలి వేస్తుంది. ఎందుకో తెలియదు, చిన్నప్పటి నుంచీ అంతే. మా ఆయన వేణు దీనికి ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ లక్క మూలాన్నే మా ఇంట్లో ఒక ఆచారం నిలిచింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లల పుట్టువెంట్రుకలు తారాతారిణి అమ్మవారి కొండకి, మొదటి పన్ను గుండ్లపేరుకి. పన్ను మొలవగానే మామ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని, మెళ్ళోని పేరు ముందుకి జార్చి, ఇంకా ఎవరూ కొరకని గుండుని నోటికి అందించేది. చిగుళ్ళ దురదకి పిల్ల దాన్ని పట్టుకుని కొరికేది. పైన మెత్తటి పాత బంగారం, లోపల లక్క. చిన్న సొట్ట పడి, పడినట్టే ఉండిపోయేది. ఆ గుండు ఇంక ఆ పిల్లది. మామ్మకి ముందు ఆవిడ అత్తగారు, అంతకు ముందు ఇంకెవరో అలాగే చేశారు. తాత అప్పయ్యది ఒక గుండు. పెదనాన్నది ఒకటి, పోయిన చిన్నాన్న రామమూర్తిది ఒకటి. పెదనాన్న కూతురు అరుణక్కది, చిన్నాన్న కొడుకు శ్యామ్‌ది, అరుణక్క కొడుకుది. మిగతావి ఎవరివో పేర్లు కూడా తెలియని పాతవాళ్ళవి. నున్నగా ఒక్క గుండు మిగిలింది. కొక్కెం పక్కన ఇంకో గుండు పట్టుదారం చుట్టేసి ఉంటుంది. అది ఎప్పుడో పగిలిపోయిందని అందరికీ తెలుసు.

“పెదనాన్నా, కొత్త గొలుసులు ఎవులైనా కొనుక్కుంటారు. దీన్ని కరిగించకు. ఎవుల గుండు ఆలికి నాను సేసిస్తాను. అరుణక్కకి నల్లపూసల్లోకి, శ్యామ్‌కి సేతికి, నీకు మెళ్ళోకి. పాతోలివి అన్నీ కలిపి పెద్దమ్మకి సిన్న పేరు.”

“లక్క తీసీవు గదా?”

“తియ్యను. సొట్టలూ తియ్యను.”

ఆయన చెవుల రంగు దిగింది. లక్కకి కూడా మర్యాద ఇచ్చే మనిషి బరంపురం మొత్తానికి నేనొక్కదాన్నే దొరికాను మరి. మామ్మ సంవత్సరీకానికి అందరూ వస్తారు, ఆ రోజుకి సిద్ధం చెయ్యమన్నాడు. దారం చుట్టిన గుండుని వేలితో చూపించి, “ఇది పగిలిపోయింది, ఎవులిదీ కాదు. కరిగించీసి అన్నిటికీ కొక్కేలు సెయ్యి,” అన్నాడు.

అప్పుడు అడిగాను. అడగాలని కడుపుతో ఉన్నప్పటి నుంచీ అనుకుంటున్నాను. బల్ల వెనక గుడ్డ ఉయ్యాలలో మా పాప రింకి పడుకుని ఉంది. కింది చిగురు మీద బియ్యపు గింజంత తెల్లగా తేలింది. రెండు రోజులుగా దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుని చొంగ కారుస్తోంది.

“పెదనాన్నా, మా రింకికి పన్నొస్తంది. నున్నటి గుండు ఒకటుంది గదా. ఆ రోజు దానికి…”

“అది శ్యామ్‌ గాడి పిల్లలకి.”

“ఆడికి పెళ్ళే కానేదు!”

“అవుతాది. ఇంటి పిల్లలు కొరికే పేరు తొర్రీ ఇది. నీ గుండేదీ దీని మీద? నీ పన్నేదీ? ఉంటే సూపించు, నాను కాదన్నానేటి?” అని, నా మొహం చూసి కొంచెం గొంతు తగ్గించాడు. “నీ కూలి నీకు ఇచ్చీస్తాన్లే. పైసా ఉంచుకోను.”

కూలి అన్నాడు. వీధిలో వెళ్ళే మనిషితో అన్నట్టు అన్నాడు. ఆయన మెట్లు దిగి వెళ్ళాక నా చేతిలో ఉన్న పట్టకారుని గోడకేసి కొట్టాను. పక్క కొట్టులో బట్టలు కుట్టే సస్మిత కుట్టుమిషన్ ఆపి, “కణ హెలా గో?” అని, ఏమైందే అని ఒడియాలో కేక వేసింది. ఏమీ కాలేదన్నాను. రింకి లేచి ఏడుపు అందుకుంది.

ఇప్పుడు నా తొర్రి సంగతి చెప్పాలి. నేను పుట్టింది ఆర్యపల్లిలో. మా నాన్న సముద్రం మీద చేపలవేటకి వెళ్ళేవాడు, మా అమ్మ ఎండుచేపలు గంపలో పెట్టుకుని పురుషోత్తంపూర్ సంతకి వచ్చేది. మామ్మ అమ్మ దగ్గరే కొనేది. కొనడం కంటే కబుర్లు ఎక్కువ అని పెద్దమ్మ అంటుంది. తొంభైతొమ్మిది గాలివానలో మా ఇల్లు పోయింది, అమ్మా నాన్నా పోయారు. నాకు నాలుగేళ్ళు. తలుపుచెక్క మీద పడి పైవరసలో ముందుపన్ను ఊడిపోయింది. సంగతి తెలిసి మామ్మ ఒక్కత్తీ దొరికిన లారీలు పట్టుకుని వచ్చి, నన్ను చంకనెత్తుకుని ఇంటికి తీసుకెళ్ళింది. నా ఒంటి మీద అమ్మ కట్టిన వెండి మొలతాడు తప్ప ఏమీ లేదు.

తాత మండిపడ్డాడట. చేపలవాళ్ళ పిల్లని ఇంట్లో పెట్టుకుంటావా అని రెండు రోజులు అన్నం మానేశాడట. పెదనాన్న మాత్రం నా మొహంలోకి వంగి చూసి, “ఓలమ్మ, తొర్రి!” అన్నాడు. ఆ ఇంట్లో నాకు మొదటి పేరు ఆయన పెట్టిందే. సౌందర్య అని మామ్మ తర్వాత పెట్టింది. పన్ను మళ్ళీ మొలిచింది, పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఆయన పిలుపు మాత్రం మారలేదు.

అబద్ధం ఎందుకు చెప్పాలి, అన్నం దగ్గర ఆ ఇంట్లో ఎవరూ తేడా చూపలేదు. చదివించారు, అప్పలస్వామి తాత దగ్గర పనిలో పెట్టారు, పెళ్ళి చేశారు. తేడా అంతా గుండ్ల దగ్గరే వచ్చేది. చిన్నప్పుడు మామ్మ ఒళ్ళో కూర్చుని ఒక్కొక్క గుండే తడుముతూ “ఇదెవులిది? ఇదెవులిది?” అని అడిగేదాన్ని. చివరికి “నాదేది?” అనేదాన్ని. మామ్మ ఆ దారం చుట్టిన గుండుని బొటనవేలితో రాస్తూ, “ఉంటాది లేయే,” అనేది. ఓదార్చడానికి అంటోందనుకునేదాన్ని.

తాత పోయిన నెలకే మామ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా ఆ దారం గుండుని నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసి నొక్కేది. నొక్కి, నా నోటి వైపు చూసేది. దారం పాతబడి ఊడిపోతోంది, గట్టిగా కట్టమంటోంది అనుకున్నాను. కంసాలి పని నేర్చిన తెలివి కదా! మంచి ఎర్ర పట్టుదారం కొని తెచ్చి, పాతదాని పైన ఇంకో వరస బిగించి చుట్టాను. మామ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పని నచ్చిందనుకుని నేను మురిసిపోయాను.

పెదనాన్న అన్న మాట వింటే వేణుకి ఒళ్ళు మండింది. ఆటో తాళం బల్ల మీద విసిరి, “తిరిగిచ్చీ. కూలిస్తాడంట కూలి! ఇంకొకల చేత సేయించుకోమను,” అన్నాడు.

“ఇంకొకలైతే సొట్టలు తీసీసి మెరుగెట్టీస్తారు,” అన్నాను.

అదే నా భయం. బరంపురంలో మంచి పనివాళ్ళకి తక్కువ లేదు. కానీ సొట్ట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు వాళ్ళకి. నేను బతికేదే పాతవాటిని కొత్తగా చేసి. ఒంటి కమ్మ మిగిలిందనీ, నాయనమ్మ కడియం విరిగిందనీ, అమ్మ ముక్కుపుడక రాయి పోయిందనీ జనం తెస్తారు. గోపాల్‌పూర్ హోటళ్ళలో దిగినవాళ్ళు కూడా అడ్రసు అడుగుతూ వస్తారు. అందరికీ నేను ఒకటే చెబుతాను. అరుగుదల ఉంచుతాను, గీతలు ఉంచుతాను, మీ మనిషి ఒంటిమీద పడ్డ గుర్తులు ఒక్కటీ పోనివ్వను, అది నచ్చకపోతే ఇంకో కొట్టు చూసుకోండి. కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనీ.

పని మొదలుపెట్టాను. అరుణక్క గుండు మీద సొట్ట పక్కవాటుగా ఉంది, పసితనంలోనే బుగ్గన పెట్టుకుని కొరికిందన్నమాట. ఇప్పటికీ మిఠాయి అలాగే తింటుంది. దాన్ని నల్లపూసల మధ్య కూర్చాను. శ్యామ్‌ది రెండే చుక్కలు, భయం భయంగా. వాడికి మామ్మ పాత వెండి కడియం ముక్కతో చేతికి పట్టీలా చేసి మధ్యలో బిగించాను. పెదనాన్న గుండు మాత్రం నాలుగు వైపులా కొరికేసి ఉంది. పుట్టుకతోనే మొండిమనిషి. ఆ గుండుని చూసి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఒక్క పన్ను మొలిచిన బోసినోటి పెదనాన్న, మామ్మ ఒళ్ళో పడుకుని గింజుకుంటున్న పెదనాన్న కనబడుతుంటే ఏం కోప్పడతాం?

చివరికి దారం గుండు మిగిలింది. పొద్దున్నే కుంపటి రాజేసి, బంగారం కరిగించే మూస సిద్ధంగా పెట్టుకుని, దారం విప్పడానికి కూర్చున్నాను. పైన నేను చుట్టిన ఎర్రదారం వచ్చేసింది. దాని కింద మామ్మ చుట్టిన పసుపు దారం, నూనె పట్టి గట్టిపడి ఉంది. గోటితో లాగి లాగి విప్పాను.

గుండు అతుకు దగ్గర విడిపోయి ఉంది. లోపలి లక్క నల్లగా కనిపిస్తోంది. అరిగిపోయి విడిందే అనుకుని వెలుతురుకి తిప్పాను.

సొట్టలు. పసిపిల్లల చుక్కలు కావు, లోతైన గాట్లు. కింది వైపు సందు లేకుండా వరసగా ఉన్నాయి. పైవైపు ఒక గాటు, పక్కన ఖాళీ, మళ్ళీ ఒక గాటు. ఆ ఖాళీ దగ్గర బంగారం నున్నగా, ఏమీ తగలనట్టు ఉంది.

నా నాలిక దానంతట అది వెళ్ళి ముందుపన్ను దగ్గర ఆగింది. ఇప్పుడక్కడ పన్ను ఉంది. నాలుగేళ్ళప్పుడు లేదు. ఆ ఇంట్లో ముందుపన్ను లేకుండా అడుగుపెట్టిన పిల్లని నేనొక్కదాన్నే.

కుంపటి మీద మూస పెట్టి ఉంది. ఇంకొక్క నిమిషం అయితే నన్ను నేనే కరిగించేసుకుని అందరికీ కొక్కేలు చేసి ఉండేదాన్ని. భోరున ఏడ్చాను. మామ్మ నా చేతిలో పెట్టి నొక్కింది ఇందుకా! దారం విప్పవే అంటే, ఇంకో వరస చుట్టి వచ్చానా! సస్మిత పరిగెత్తుకొచ్చింది. గుండు చూపించి చెబితే, తను కూడా కూర్చుని ఏడ్చింది. తర్వాత ఇద్దరం రింకిని ఎత్తుకుని నవ్వాం.

వేణు వెంటనే పెదనాన్నకి ఫోన్ చెయ్యమన్నాడు.

“ఫోన్లో సూపించే పన్నేటి ఇది? అందరూ కూకున్న దగ్గరే సూపిస్తాను,” అన్నాను.

గాట్లు చెదరకుండా అతుకు మూసి, వేడి లక్క సన్నగా లోపలికి పంపాను. ఆ గుండుని ఇంక వేలాడదీస్తే నిలవదు, చుట్టూ పట్టుకునే గూడు కావాలి. అమ్మ కట్టిన మొలతాడు ఇన్నాళ్ళూ దాచాను, ఏం చెయ్యాలో తోచక. దాన్ని ముక్క కూడా వృథా కాకుండా వంచి, గుండు చుట్టూ వల అల్లినట్టు అల్లాను. అమ్మ వెండి చేతుల్లో మామ్మ బంగారం కూర్చుంది. అందరి కొక్కేలూ మామ్మ కడియంలో మిగిలిన వెండితో చేశాను.

సంవత్సరీకం రోజు పురుషోత్తంపూర్ ఇంట్లో భోజనాలయ్యాయి. సూరత్ నుంచి శ్యామ్ వచ్చాడు, కొడుకుతో అరుణక్క వచ్చింది. చుట్టాలందరూ చావట్లో చాపల మీద కూర్చున్నారు. నేను ఒక్కొక్కటే తీసి ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టాను. అరుణక్క నల్లపూసలు బుగ్గకి ఆనించుకుని, “ఇది నా పన్నేనేటే?” అంటూ కళ్ళు తుడుచుకుంది. శ్యామ్ పట్టీ అప్పటికప్పుడే పెట్టుకున్నాడు. పెదనాన్న తన గుండుని అటూ ఇటూ తిప్పి, “సొట్ట తియ్యనేదు కదా, బాగుంది,” అన్నాడు. ఆయన నోటంట బాగుంది అని రావడమే గొప్ప.

“కొక్కేలకి పగిలిన గుండు సరిపోయిందేటి?”

“కొక్కేలు ఎండితో సేసినాను. పగిలిన గుండు ఇదిగో,” అని వెండి గూటిలో ఉన్నదాన్ని ఆయన చేతిలో పెట్టాను.

చెవులు ఎర్రబడ్డాయి. “కరిగించమన్నాను గదా నాను?”

“కరిగిస్తాను. కుంపటి పెద్దమ్మ పొయ్యి కాడే ఉంది. ఎవులు కొరికినారో సెప్పు పెదనాన్నా. సెప్పీసి, కరిగించీ అను. ఇక్కడే నీ ముందే కరిగించీస్తాను.”

నేను తల దించలేదు. వేణు రింకిని భుజాన వేసుకుని నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

గుండు చేతులు మారింది. శ్యామ్ చూసి తాతదేమో అన్నాడు. అరుణక్క ఒప్పుకోలేదు, “ఇంత పెద్ద గాట్లేటి, పసిపిల్లలకి ఇన్ని పళ్ళేటి?” అంది. తిరిగి తిరిగి అది పెదనాన్న దగ్గరికే వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వాకిలి వెలుతురులోకి జరిగాడు. బొటనవేలు కింది వరస మీద నడిచింది, పైవరస మీద నడిచింది, ఖాళీ దగ్గర ఆగింది.

“ముందుపన్ను నేదు… ఎవులో తొర్రి…” అని ఆగిపోయాడు.

పాతికేళ్ళుగా ఆయన నన్ను పిలిచిన పిలుపు ఆయన నోట్లోనే ఉండిపోయింది. కళ్ళజోడు మీదుగా నన్ను చూశాడు. నేను నోరు తెరిచి, ఆ పన్ను మీద వేలు పెట్టి చూపించాను.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దమ్మ కూర్మమ్మ ముందుకి వచ్చి, ఆయన చేతిలోంచి గుండు లాక్కుంది.

“ఓలమ్మోలమ్మ! ఇందుకా ఆ దారం! ఈ గుంట వొచ్చినప్పుడు నోరు ఇప్పనేదు, గుర్తుందేటయ్యా నీకు? గంజి పోసినా ఇప్పనేదు, పాలు పోసినా ఇప్పనేదు. సచ్చిపోద్దనుకున్నాం. అత్త దీన్ని గదిలోకి ఎట్టుకెళ్ళి తలుపేసీసుకుంది. కాసేపటికి ఒకటే అరుపు, ఏడుపు. తలుపు తీసి, అన్నం తెమ్మంది. ఆ రోజే మొదటిసారి ఈ గుంట అన్నం తింది, నా సేత్తోనే ఇచ్చినాను కంచం. మర్నాడు అత్త మెళ్ళో పసుపు దారం సూసినాను. మాఁవ అడిగితే గుండు అరిగి పగిలిందంది.”

“మా యమ్మ నాకైనా సెప్పొచ్చు గదా,” అన్నాడు పెదనాన్న.

“నీకు సెప్తే నువ్వు మీ నాన్నకి సెప్పీవోడివి. బంగారం పగలగొట్టిందని ఆ పూటే దీన్ని బయటికి తోసీవోడు ఆయన,” అంది పెద్దమ్మ.

నాకు ఆ రోజు గుర్తు లేదు. ఎంత తవ్వినా రాదు. కానీ లక్క వాసనకి ఆకలి ఎందుకు వేస్తుందో ఆ క్షణంలో తెలిసింది. నోరు విప్పనని బిగుసుకున్న పిల్లకి మామ్మ ఆ గదిలో గంజి పెట్టలేదు, బుజ్జగించలేదు, తన ఇంటి పిల్లలందరికీ ఇచ్చినట్టే గుండు ఇచ్చింది. నా దుఃఖమంతా పెట్టి కొరికాను. పగిలి, లక్క నాలిక్కి తగిలేదాకా కొరికాను. పగిలినా ఆవిడ వెనక్కి లాక్కోలేదు. ఆ ఇంట్లో ఎవరి గుండూ అంత లోతుగా దిగలేదు.

పెదనాన్న లేచాడు. అందరూ ఆయన ఏమంటాడా అని చూస్తున్నారు. గోడగూట్లో నేను కొత్త పట్టుతాడుకి గుచ్చి ఇచ్చిన నున్నటి గుండు ఉంది. దాన్ని తీసి, పంచె చెంగుతో తుడిచి, వేణు ముందు నిలబడి చేతులు చాపాడు.

“ఏదీ, ఆ గుంటనిలా తే.”

“మరి నా పిల్లలకో పెద్నానా?” అన్నాడు శ్యామ్ నవ్వుతూ.

“ముందు పెళ్ళి సేసుకో ఎదవా! నీ పిల్లలకి ఇది కొత్త గుండు సేసిస్తాది. లక్క పోసి!”

మామ్మ కూర్చునే చోటే కూర్చుని రింకిని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. గుండు నోటికి అందిస్తే అది గుండు వదిలేసి ఆయన వేలు పట్టుకుని కొరికింది. “అబ్బా!” అని అరిచి, ఎవరూ తిట్టకముందే తానే నవ్వేశాడు. రెండోసారి గుండు దొరకబుచ్చుకుంది. చొంగంతా కార్చుకుంటూ, కళ్ళు మూసుకుని, కాళ్ళు తన్నుకుంటూ కొరికింది. ఆయన గుండుని వెలుతురుకి పట్టుకుని చూశాడు. సూది మొనంత చుక్క పడింది.

అంతే, ఇంక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పిల్లని ఒక చేత్తో, గుండుని ఒక చేత్తో పట్టుకుని వీధరుగు మీదికి వెళ్ళాడు. సైకిల్ మీద పోయేవాణ్ణి ఆపాడు, ఎదురింటివాళ్ళని పిలిచాడు. “సూడండి, మా మనవరాలి పన్ను! ఒక్క పట్టుకే దిగిపోయింది!” అని ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు. చుట్టాలు నవ్వుతూ వెనకే వెళ్ళారు. నేను నా గుండుని మెళ్ళో వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. అమ్మ వెండి చల్లగా, మామ్మ బంగారం వెచ్చగా తగిలాయి. ఆ ఇంట్లో అంత నిటారుగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

ఆయన లోపలికి వస్తుంటే చెయ్యి చాపి అడ్డం నిలబడ్డాను.

“పెదనాన్నా, నా కూలి?”

చెవులు ఎర్రబడ్డాయి. మాట తడబడింది. ఆ తర్వాత వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు.

“ఇంటి పిల్లకి కూలేటే! అడగడానికి సిగ్గు నేదూ?”

మళ్ళీ అదే తిట్టు వినాలని ఇంకోసారి అడిగాను.